మంచంలో ఉన్న అమ్మకు ఇంట్లో స్నానం: కొడుకుగా నేను ఎంతవరకు చేయవచ్చు, ఎలా చేయాలి?

కావలి రైతు

అందరికీ నమస్కారం. మాది కావలికి దగ్గరలోని ఒక పల్లె. మా అమ్మ వయస్సు 74 ఏళ్లు. మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నెల్లూరులో వైద్యం చేయించి ఇంటికి తెచ్చుకున్నాము. మాట ముద్దగా వస్తుంది గాని, మనం చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుంది.

నాకు అక్కచెల్లెళ్లు లేరు. మా ఇంటామె ఒక్కతే అమ్మకు ఒళ్లు తుడుస్తుంది. అమ్మది బరువైన శరీరం కావడం వల్ల ఆమెను పక్కకు తిప్పడం ఒక్క మనిషి వల్ల కావడం లేదు. నేను సాయానికి వెళ్తే అమ్మ ఎడమ చేత్తో చీర గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, వద్దు వద్దని తల ఊపుతుంది. బలవంతం చేయడానికి నాకు మనసు రాదు. అలాగని వదిలేస్తే ఒంటి నుంచి వాసన వస్తోంది, వీపు మీద చెమటకాయలు లేచాయి. స్నానాలగది పెరట్లో ఉంది, మధ్యలో రెండు మెట్లు దిగాలి, కాబట్టి అక్కడికి మోసుకువెళ్లే ఆలోచన మానుకున్నాము. ఇప్పుడు కార్తీకమాసపు వానలు కూడా పట్టుకున్నాయి, గుడ్డలు ఆరడం లేదు.

మంచం మీదనే స్నానం చేయించే పద్ధతి తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను. ఎన్ని రోజులకు ఒకసారి చేయించాలి, తలస్నానం సంగతేమిటి, అన్నిటికంటే ముఖ్యంగా అమ్మ సిగ్గును కాపాడుతూ నేను ఎంతవరకు సాయపడవచ్చు అన్నవి నా సందేహాలు.

విశ్రాంత నర్సు, ఒంగోలు

నాయనా, మీ అమ్మగారు వద్దంటున్నది స్నానాన్ని కాదు, కొడుకు ముందు ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండడాన్ని. ఈ రెండింటినీ విడదీయగలిగితే మీ సమస్య చాలావరకు తీరుతుంది. నేను ఆసుపత్రి వార్డుల్లో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. అక్కడ కొత్తగా చేరిన పిల్లలకు మేము మొదట నేర్పేది సబ్బు రుద్దడం కాదు, దుప్పటి పట్టుకోవడం. మనిషి మెడ నుంచి పాదాల వరకు ఒక పలుచని దుప్పటి కప్పి ఉంచాలి. లోపల ఉన్న చీర, రవిక దుప్పటి కిందనే తీయాలి. చెయ్యి కడిగేటప్పుడు చెయ్యి ఒక్కటే బయటికి రావాలి, అది కడిగి తుడిచి మళ్లీ దుప్పటి కిందికి వెళ్లిన తర్వాతే కాలు బయటికి రావాలి. ఆ రకంగా చేస్తే స్నానం మొత్తం మీద ఒక్క నిమిషం కూడా ఆమె ఒళ్లు పూర్తిగా బయటపడదు, చలి కూడా వేయదు.

మొదలుపెట్టే ముందు అన్నీ మంచం దగ్గరికి చేర్చుకోండి, ఎందుకంటే సగంలో సబ్బు కోసం లేచి వెళ్తే పెద్దావిడ తడి ఒంటితో ఒంటరిగా మిగిలిపోతుంది, పక్కకు తిప్పి ఉంచిన సమయమైతే మంచం మీద నుంచి పడిపోయే ప్రమాదం కూడా ఉంది. రెండు టబ్బులు కావాలి, ఒకటి సబ్బు నీళ్లకు, రెండోది మంచినీళ్లకు. మెత్తటి పాత నూలుగుడ్డలు నాలుగైదు, పొడి తువ్వాళ్లు రెండు, పరుపు తడవకుండా కింద పరిచే రబ్బరు షీటు, దాని మీద ఒక పాత దుప్పటి, మార్చే బట్టలు ఉంచుకోండి. ఫ్యాను ఆపి, కిటికీ వేసి, తలుపు దగ్గర తెర కట్టండి. మన పల్లెల్లో ఎవరు ఎప్పుడు లోపలికి వస్తారో తెలియదు కనుక, ఆ తెర పెద్దావిడకు ఎంతో ధైర్యం ఇస్తుంది.

నీళ్లు 38 నుంచి 40 డిగ్రీల మధ్య, అంటే గోరువెచ్చగా ఉండాలి. టబ్బులో మొదట చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి. మీ మోచేతి లోపలి భాగంతో చూసి, ఆ తర్వాత అమ్మ ఎడమ చేతికి తగిలించి ఆమెనే అడగండి. పడిపోయిన కుడివైపు స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి అటువైపు ఎప్పుడూ పరీక్షించవద్దు, కాలినా ఆమెకు తెలియదు. బక్కెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాచే ఇల్లయితే, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే నీళ్లను ముట్టుకోండి.

కడిగే వరుస ఇలా ఉంటుంది. మొదట కళ్లు, సబ్బు లేకుండా, ముక్కువైపు మూల నుంచి చెవివైపుకు తుడవాలి, ఒక్కో కంటికి గుడ్డలో వేరే భాగం వాడాలి. ఆ తర్వాత ముఖం, చెవుల వెనుక, మెడ, చేతులు, చంకలు, ఛాతీ, పొట్ట, కాళ్లు, వీపు. రొమ్ముల కింద, పొట్ట మడతల్లో, గజ్జల్లో, కాలివేళ్ల సందుల్లో చెమట నిలిచి తామరలాంటివి వస్తాయి కనుక అక్కడ కడగడం కంటే ఆరబెట్టడం ముఖ్యం. రుద్దకుండా తువ్వాలుతో అద్దుతూ తడి తీయాలి. మర్మాంగాలు చివర కడగాలి, అంతకు ముందు నీళ్లు, గుడ్డ రెండూ మార్చాలి. ఆడవారికి ముందు నుంచి వెనక్కి మాత్రమే తుడవాలి, వెనుక నుంచి ముందుకు తెస్తే మలంలోని క్రిములు మూత్రమార్గంలోకి చేరి ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఇక కొడుకుగా మీరు ఎంతవరకు అన్న ప్రశ్న. ముఖం, చేతులు, మోకాళ్ల కింద కాళ్లు మీరు నిస్సంకోచంగా కడగవచ్చు. మర్మాంగాల దగ్గరికి వచ్చేసరికి, ఆమెకు ఎడమ చెయ్యి పనిచేస్తోంది కదా, సబ్బు నీళ్లలో తడిపి పిండిన గుడ్డను ఆ చేతికి ఇచ్చి, దుప్పటి కింద ఆమెనే తుడుచుకోమనండి. మీరు అటు తిరిగి నిలబడండి. చక్కగా రాకపోతే మీ ఇంటామె మళ్లీ ఒకసారి తుడుస్తుంది. తన పని తాను కొంతైనా చేసుకున్నానన్న తృప్తి మందు బిళ్లల్లో దొరకదు.

ఊపిరి ఆడకపోవడం, పెదవులు నీలంగా మారడం, వణుకు, ఒళ్లు చల్లబడడం కనిపిస్తే ఎక్కడున్న పని అక్కడ ఆపి, తుడిచి, కప్పి, వైద్యుడికి కబురు చేయండి. అన్నం తిన్న వెంటనే స్నానం పెట్టుకోవద్దు, గంట ఆగండి.

పొదలకూరు పెద్దకోడలు

అన్నా, నర్సమ్మ గారు చెప్పిన దాంట్లో దుప్పటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా అత్తమ్మ తుంటి విరిగి మంచం పట్టినప్పుడు మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. నైటీ వేస్తే తిప్పడం సులువని అందరూ చెప్పారు. ఆమె జీవితంలో ఎన్నడూ నైటీ వేసుకోలేదు, ఒప్పుకోలేదు. చివరికి ఆమెవే పాత నూలు చీరలు సగానికి చించి, ఒక ముక్క నడుముకు చుట్టి, ఇంకొక ముక్క పైటలాగా భుజం మీదుగా కప్పాము. రవికను వెనుకవైపు నిలువుగా కత్తిరించి నాడాలు కుట్టించాను. ముందు నుంచి చూస్తే ఆమె ఎప్పటిలాగే చీర కట్టుకున్నట్టు కనబడేది, పరామర్శకు వచ్చినవారి ముందు ఆమె తల దించుకోవలసిన అవసరం రాలేదు. తీయడం, వేయడం కూడా మాకు తేలికయింది.

మీరు సాయపడే పద్ధతి గురించి మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా ఆయన తల వైపు నిలబడి, అమ్మ ముఖం తన వైపు ఉండేటట్టు, దుప్పటి మీదనే ఆమె భుజాన్ని, తుంటిని పట్టుకుని తన వైపుకు తిప్పుకుని ఆనించుకునేవారు. వెనుక వైపు నేను వీపు కడిగేదాన్ని. ఆయన కళ్లకు ఆమె ముఖం తప్ప మరేమీ కనిపించదు. ఆ కాసేపు పొలం సంగతులో, మనవళ్ల సంగతులో చెబుతూ ఉండేవారు. కొడుకు చూస్తున్నాడన్న బాధ పోయి, కొడుకు పట్టుకున్నాడన్న ధీమా ఆమెకు వచ్చింది.

ఇంకొక మాట. స్నానం చేయించేటప్పుడు మనం మనం మాట్లాడుకుంటాము, "ఇటు తిప్పు, అటు ఎత్తు" అని. ఆమె అక్కడ లేనట్టుగా మాట్లాడవద్దు. "అత్తమ్మా, ఇప్పుడు ఎడమ కాలు కడుగుతున్నాను" అని ప్రతిసారీ ఆమెకే చెప్పాలి. మాట రాని మనిషికి ఇది మరీ అవసరం.

ఫిజియోథెరపిస్టు, నెల్లూరు

కావలి రైతు గారూ, పక్షవాతం వచ్చినవారిని స్నానం చేయించేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేది పడిపోయిన వైపు భుజం. ఆ భుజం చుట్టూ కండరాలకు పట్టు ఉండదు కనుక, చెయ్యి పట్టుకుని లాగినా, చంకల కింద చేతులు పెట్టి ఎత్తినా కీలు జారుతుంది, ఆ తర్వాత వచ్చే నొప్పి నెలల తరబడి వదలదు. అమ్మగారిని ఎడమవైపుకు తిప్పాలంటే ముందుగా కుడి చేతిని ఆమె పొట్ట మీదికి తెచ్చి, కుడి మోకాలు మడిచి, భుజం వెనుక ఒక చెయ్యి, తుంటి వెనుక ఒక చెయ్యి వేసి ఒకేసారి తిప్పాలి. చెయ్యి వెనకే ఉండిపోతే దాని బరువు భుజాన్ని లాగుతుంది. కుడివైపుకు తిప్పవలసి వస్తే కుడి భుజాన్ని కొంచెం ముందుకు జరిపి, దాని మీద ఒంటి బరువు నేరుగా పడకుండా చూసి, తక్కువ సేపు మాత్రమే ఉంచాలి.

బట్టలు తీసేటప్పుడు బాగున్న చెయ్యి నుంచి మొదలుపెట్టాలి, వేసేటప్పుడు పడిపోయిన చేతికి ముందు వేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే భుజాన్ని మెలిపెట్టే అవసరం రాదు.

కుడి అరచెయ్యి పిడికిలిగా బిగుసుకుందా? చాలా ఇళ్లలో ఆ పిడికిలిని ఎవరూ తెరిచి కడగరు, లోపల చెమట కుళ్లి వాసన వస్తుంది, గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటాయి. వేళ్లను బలవంతంగా లాగవద్దు. మణికట్టును మెల్లగా లోపలికి వంచండి, వేళ్లు వాటంతట అవే వదులవుతాయి. అప్పుడు కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టి, చిన్న గుడ్డచుట్ట ఒకటి చేతిలో పెట్టండి.

మంచం గురించి అడగడం మరిచారు. నవారు మంచం మధ్యలో కుంగుతుంది, అందులో మనిషిని తిప్పడం కష్టం, తిప్పేవారి నడుము కూడా పోతుంది. చెక్కబల్ల మంచానికి మార్చి, కాళ్ల కింద కదలని గట్టి చెక్కదిమ్మెలు పెట్టి, మీ ఇంటామె నడుము ఎత్తుకు వచ్చేటట్టు చూడండి. వంగేటప్పుడు నడుము కాకుండా మోకాళ్లు వంచాలి. సేవ చేసే మనిషి మంచం పడితే ఆ ఇల్లు తట్టుకోలేదు.

ఉదయగిరి మనవడు

పెద్దలందరికీ నమస్కారం. నాకు ఒక అభ్యంతరం ఉంది. మా జేజి మంచంలో ఉన్న రోజుల్లో మా ఇంట్లో ప్రతిరోజూ నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, బాగా వేడినీళ్లతో ఒళ్లంతా కడిగేవారు. రక్తం ఆడుతుందని, నొప్పులు పోతాయని మా పెద్దలు నమ్మేవారు. ఇప్పుడు గుడ్డతో తుడిస్తే చాలనడం నాకు లోటుగా అనిపిస్తోంది. మంచంలో ఉన్నంత మాత్రాన మనిషికి తలారా నీళ్లు పోయకపోతే ఎలా?

విశ్రాంత నర్సు, ఒంగోలు

బాబూ, మీ బాధ నాకు అర్థమైంది, మీ జేజిని మీ ఇంట్లో అంత శ్రద్ధగా చూసుకున్నందుకు సంతోషం. నేను నూనెకు వ్యతిరేకిని కాను. స్నానం తర్వాత ఒళ్లు ఇంకా కొద్దిగా తేమగా ఉన్నప్పుడు కొబ్బరినూనె పలుచగా రాస్తే ముసలి చర్మం పగలకుండా ఉంటుంది. అయితే వయసు మళ్లిన వారి చర్మం పలుచబడి, కింది కొవ్వు తగ్గి, చిన్న రాపిడికే ఊడివస్తుంది. సున్నిపిండి గరుకు దానికి పనికిరాదు. బాగా వేడినీళ్లు చర్మంలోని జిడ్డును తీసేసి ఎండబెడతాయి, దురద పుడుతుంది, గోకితే పుండు పడుతుంది. మామూలు ఒంటి సబ్బుల క్షారగుణం కూడా ఎక్కువే. మన చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో, 5.5 పీహెచ్‌కు దగ్గరలో ఉంటుంది, సబ్బులు చాలావరకు 9, 10 దగ్గర ఉంటాయి. అందుకే సబ్బును చంకలు, గజ్జలు, పాదాల వరకు పరిమితం చేసి, మిగతా ఒంటికి వట్టి నీళ్లు వాడినా నష్టం లేదు.

ఒళ్లంతా కడిగే స్నానం వారానికి రెండు మూడు సార్లు చాలు. ముఖం, నోరు, చంకలు, గజ్జలు, మర్మాంగాలు మాత్రం రోజూ శుభ్రం చేయాలి. మలమూత్రాలు అయినప్పుడల్లా వెంటనే కడగాలి, అందులో మినహాయింపు లేదు. రోహిణీకార్తె ఎండల్లో చెమట ఎక్కువ కనుక మధ్యలో ఇంకొకసారి తడిగుడ్డతో తుడిస్తే హాయిగా ఉంటుంది.

కనిగిరి నుంచి

మాది కనిగిరి దగ్గర. మా నాయనకు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వెన్నెముక బిగుసుకుపోయింది. మెడ తిరగదు, మోకాళ్లు పూర్తిగా చాపుకోలేరు. మా ప్రాంతంలో ఇటువంటి పెద్దలు ఎన్నో ఇళ్లలో ఉన్నారు కాబట్టి వారి కోసం రాస్తున్నాను.

బిగుసుకున్న వెన్ను ఉన్న మనిషిని నడుము దగ్గర మెలితిప్పి పక్కకు తిప్పకూడదు. తల, భుజాలు, తుంటి, కాళ్లు అన్నీ ఒకే వరుసలో ఉండేటట్టు, మొద్దు దొర్లించినట్టు, ఇద్దరు కలిసి ఒకే మాట మీద తిప్పాలి. ఇందుకు మేము నాయన కింద, భుజాల నుంచి తొడల వరకు వచ్చేటట్టు, ఒక దుప్పటిని నాలుగు మడతలు వేసి పరుస్తాము. ఆ దుప్పటి అంచులు పట్టుకుని తిప్పితే ఆయన ఒంటి మీద చెయ్యి పడదు, నొప్పి ఉండదు. కాళ్లు ఎడంగా పెట్టలేరు కనుక, పక్కకు తిప్పినప్పుడు వెనుక వైపు నుంచే గజ్జలు కడుగుతాము.

మా బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు. ఎంత కడిగినా ఒంటి మీద తెల్లటి పొరలా మిగిలి, ఆరిన తర్వాత దురద పెడుతుంది. చివరిసారి తుడవడానికి మాత్రం కొని తెచ్చుకునే డబ్బా నీళ్లు రెండు లీటర్లు వేడిచేసి వాడుతున్నాము, దురద తగ్గింది. ఫ్లోరైడ్ నీళ్లు ఒంటి మీద పడితేనే హాని అని కొందరు భయపడుతున్నారు. ఆ హాని తాగడం వల్ల, వంట వల్ల వచ్చేది. కడుక్కోవడానికి వాడుకోవచ్చు.

కావలి రైతు

మీ అందరికీ నేను ఎంతో రుణపడి ఉన్నాను. పొదలకూరు అమ్మ చెప్పినట్టు నేను తలవైపు నిలబడి, అమ్మ ముఖం నా వైపు ఉండేటట్టు పట్టుకున్నాను. మొదట బిగుసుకుంది, తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊరుకుంది. మా ఇంటామె వీపు మొత్తం కడగగలిగింది.

అయితే వీపు కడిగేటప్పుడు కొత్త సంగతి బయటపడింది. నడుము కింద, తోక ఎముక దగ్గర, అరచేతిలో సగమంత మేర చర్మం చుట్టుపక్కల కంటే నల్లగా, వేడిగా ఉంది. చర్మం చిట్లలేదు. పక్కింటివారు డెట్టాల్ కలిపిన నీళ్లతో కడిగి పౌడరు చల్లమన్నారు, ఇంకొకరు గాలి నింపిన ట్యూబు మీద కూర్చోబెట్టమన్నారు. ఏది చేయాలి?

విశ్రాంత నర్సు, ఒంగోలు

నాయనా, ఆ మూడింటిలో ఏదీ చేయవద్దు. ఇది పడకపుండుకు తొలి మెట్టు అయి ఉండవచ్చు. ఒకే చోట బరువు ఆనుతూ ఉంటే ఎముకకు, పరుపుకు మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక చచ్చిపోతుంది. తోక ఎముక, మడమలు, తుంటి పక్కలు, భుజం పలకలు, మోచేతులు, తల వెనుక భాగం, చెవుల అంచులు ఇందుకు ముఖ్యమైన చోట్లు. స్నానం వల్ల వచ్చే అసలు మేలు ఇదే, ఆ చోట్లన్నీ మన కంట పడతాయి.

ఆ మచ్చను వేలితో నొక్కి వదిలి చూడండి. ఆరోగ్యమైన చర్మం పాలిపోయి మళ్లీ రంగు తెచ్చుకుంటుంది. రంగు మారకుండా అలాగే ఉంటే లోపల దెబ్బ మొదలైనట్టే. తెల్లటి ఒంటి మీద ఇది ఎర్రగా కనిపిస్తుందని పుస్తకాల్లో రాస్తారు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, మీరు చెప్పినట్టు నలుపుగానో ఊదాగానో ఉంటుంది. అందుకే చేత్తో తాకి వేడి, గట్టిదనం, మెత్తదనం పోల్చి చూడాలి. మీ ఇంటామె ఆ వేడిని గమనించి మంచి పని చేసింది.

ఆ చోట మాలిష్ చేయవద్దు, కింద ఇప్పటికే నలిగిన కణజాలం ఇంకా చిట్లుతుంది. డెట్టాల్ చర్మాన్ని మండించి ఎండబెడుతుంది. పౌడరు చెమటతో కలిసి ఉండలు కట్టి మడతల్లో రాపిడి పెడుతుంది. మధ్యలో ఖాళీ ఉన్న ట్యూబు చుట్టూ ఉన్న చర్మం మీద ఒత్తిడి పెంచి మధ్య భాగానికి రక్తం అందకుండా చేస్తుంది. చేయవలసింది బరువు తీసేయడం. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చండి, రాత్రి కూడా. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు వెనుక దిండు పెట్టి కొద్దిగా, 30 డిగ్రీల వాలులో ఉంచితే తుంటి ఎముక మీద కూడా బరువు పడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేటట్టు చూడండి. గాలి అరలు ఒకదాని తర్వాత ఒకటి నిండి తగ్గే విద్యుత్తు పరుపు మందుల దుకాణాల్లో దొరుకుతుంది, కొనగలిగితే మంచిది, అది ఉన్నా పక్క మార్చడం మానకూడదు. మలమూత్రాల తడి తగిలే చోట జింక్ ఆక్సైడ్ లేపనం పలుచగా రాయండి. గుడ్డు, పప్పు, పాలు, చేపలు ఆమె తినగలిగినంత పెట్టండి, చర్మం కోలుకోవడానికి మాంసకృత్తులు కావాలి.

ఈ వారంలోనే వైద్యుడికి చూపించండి. చర్మం చిట్లినా, బొబ్బ లేచినా, చీము, వాసన, జ్వరం కనిపించినా ఒక్కరోజు కూడా ఆగవద్దు. చక్కెర వ్యాధి ఉంటే మరీ తొందరపడాలి.

కోవూరు కూతురు

నర్సమ్మ గారూ, మా నాయనకు మూత్రానికి గొట్టం వేశారు. స్నానం చేయించేటప్పుడు దాన్ని ముట్టుకోవడానికే భయం వేస్తోంది.

విశ్రాంత నర్సు, ఒంగోలు

అమ్మా, ముట్టుకోకుండా వదిలేయడమే ప్రమాదం. చేతులు సబ్బుతో కడుక్కుని, గొట్టం కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, శరీరం దగ్గర నుంచి బయటి వైపుకు సబ్బు నీళ్ల గుడ్డతో రోజూ తుడవాలి, బయటి నుంచి లోపలికి తుడవకూడదు. మగవారికి ముందు చర్మాన్ని మెల్లగా వెనక్కి జరిపి కడిగి, ఆరబెట్టి, తప్పనిసరిగా మళ్లీ ముందుకు తేవాలి, అలా వదిలేస్తే వాచి బిగుసుకుపోతుంది. గొట్టం నుంచి మూత్రం చేరే సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలి, నేలను తాకకూడదు, పక్కకు తిప్పేటప్పుడు మనిషితో పాటు సంచి కూడా అటు మారాలి. మీ నాయనకు మీరు చేయడం ఇబ్బందిగా ఉంటే ఆ ఒక్క పనికి అన్నదమ్ములనో, బావగారినో పిలవండి. మొహమాటపడవలసిన సంగతి కాదు.

అల్లూరు నుంచి

మా అమ్మకు నడక ఉంది గాని మతిమరుపు జబ్బు. స్నానం అనగానే ఏడుస్తుంది, కొడుతుంది. నిన్న స్నానం చేశానుగా అంటుంది. నలుగురూ పట్టుకుని చేయిస్తే ఆ రోజంతా అన్నం తినదు. నేను ఏం చేయాలి?

పొదలకూరు పెద్దకోడలు

చెల్లీ, నలుగురు పట్టుకోవడం ఇక మానేయండి. ఆమెకు మీరెవరో తెలియని క్షణంలో ఎవరో తన బట్టలు తీస్తున్నారని భయపడి కొడుతోంది, మొండితనం కాదు. మా అత్తమ్మకు చివర్లో ఇదే వచ్చింది. "స్నానం చేద్దాం రా" అని అడగడం మానేసి, "కాళ్లు కడుక్కుందాం రండి" అని మొదలుపెట్టేదాన్ని. కాళ్ల మీద చెంబుతో నీళ్లు పోస్తూ మెల్లగా మోకాళ్ల వరకు, తర్వాత నడుము వరకు వచ్చేదాన్ని. తల మీద నీళ్లు పోయడం ఆమెను ఎక్కువగా బెదిరించేది, అందుకని తల స్నానం వేరే రోజుకు పెట్టుకున్నాను. భుజాల మీద తువ్వాలు కప్పే ఉంచి, దాని మీదనే నీళ్లు పోసేదాన్ని. పొద్దునపూట ఆమె మనసు తేటగా ఉండేది, సాయంత్రాలు పెట్టుకుంటే గొడవే. ఒక రోజు వద్దంటే వదిలేసి, ముఖం, చంకలు, గజ్జలు మాత్రం తుడిచి ఊరుకునేదాన్ని. ఒక పూట స్నానం తప్పితే మనిషికి ఏమీ కాదు, రోజూ భయపడితే మాత్రం మన చెయ్యి చూసినా వణికిపోతుంది.

స్నానాలగదిలో పడిపోకుండా చూసుకోండి. గరుకు చాప, పట్టుకోవడానికి గోడకు బిగించిన కడ్డీ, కూర్చోవడానికి చేతులున్న కుర్చీ, ఇవి మూడూ కావాలి.

సింగరాయకొండ ఉపాధ్యాయుడు

చర్చ చదువుతున్న ఇతర కుటుంబాల కోసం రెండు సంగతులు చెబుతాను. 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు సహాయ పరికరాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం మన నెల్లూరులోనే 2017 ఏప్రిల్ 1న మొదలైంది. మొదట చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇచ్చేవారు, తర్వాత కమోడ్ ఉన్న కుర్చీలను కూడా చేర్చారు. మధ్యలో రంధ్రం ఉన్న ఆ కుర్చీ స్నానానికి ఎంతో పనికివస్తుంది, కూర్చున్న చోటనే కింది నుంచి కడగవచ్చు. పరికరాలను ఆలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ శిబిరాలు పెట్టి, కొలతలు చూసి ఇస్తుంది. శిబిరం ఎప్పుడన్నది మీ గ్రామ సచివాలయంలో అడుగుతూ ఉండాలి.

పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు రూ.15,000 పింఛను ఇస్తున్నారు. వైద్య ధ్రువపత్రం అవసరం. వృద్ధుల సమస్యలకు 14567 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉంది. డైపర్లు, రబ్బరు షీట్లు, మనిషిని పెట్టుకోవడం, అన్నీ ఖర్చుతో కూడినవే కాబట్టి అర్హత ఉన్నవారు వదులుకోవద్దు.

కావలి రైతు

అమ్మను వైద్యుడికి చూపించాము. పుండు పడలేదని, పక్క మార్చడం కొనసాగించమని చెప్పారు. చెక్కబల్ల మంచం వేశాము. మిగిలింది తలస్నానం. అమ్మ జుట్టు పొడుగు, కత్తిరించడానికి ఒప్పుకోదు, నేనూ అడగదలచుకోలేదు. ఈ వానల్లో తడిపితే ఆరుతుందా అని సందేహం.

విశ్రాంత నర్సు, ఒంగోలు

కత్తిరించనవసరం లేదు. ముందు రోజు కొబ్బరినూనె రాసి, చివర్ల నుంచి పైకి చిక్కు తీసి ఉంచండి. స్నానం రోజున దిండు తీసి, తలను మంచం అంచు దాకా జరపండి, అంతేగాని అంచు నుంచి కిందికి వేలాడదీయవద్దు, పక్షవాతం వచ్చినవారి మెడను వెనక్కి విరిచినట్టు వంచడం మంచిది కాదు. మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. పెద్ద ప్లాస్టిక్ షీటు రెండు అంచులనూ లోపలికి చుట్టి కాలువలా చేసి, ఒక కొస తల కింద, రెండో కొస నేల మీది బక్కెట్టులో ఉండేటట్టు అమర్చండి. చెవుల్లో దూది, కళ్ల మీద మడిచిన గుడ్డ పెట్టి, ఒక చేత్తో నుదుటి దగ్గర అడ్డం పట్టి చెంబుతో పోయండి. కుంకుడురసం కళ్లలో పడితే బాగా మండుతుంది కాబట్టి మంట తక్కువైన పిల్లల షాంపూ వాడండి. చెవుల్లోని దూది తర్వాత మరవకుండా తీసేయండి.

వాన రోజుల్లో మధ్యాహ్నం భోజనానికి ముందే పెట్టుకోండి. పొడి తువ్వాళ్లు రెండు మూడు మార్చి తడి పీల్చుకోనిచ్చి, జుట్టును దిండు మీదుగా వెనక్కి పరిచి, ఫ్యాను చిన్నగా, మనిషి మీద కాకుండా జుట్టు వైపుకు పెట్టండి. పూర్తిగా ఆరిన తర్వాతే వదులుగా జడ వేసి, ఒక పక్కకు ముందుకు వేయండి. ముడి తల వెనుక ఉంటే పడుకున్నప్పుడు అక్కడ చర్మం నలుగుతుంది. ఈ కాలంలో వారం పది రోజులకు ఒకసారి తలస్నానం చాలు.

ఫిజియోథెరపిస్టు, నెల్లూరు

ఒక్క మాట కలుపుతాను. అమ్మగారిని రోజూ కొద్దిసేపు, వెనుక ఆనిక ఇచ్చి, మంచం అంచున పాదాలు నేలకు ఆనేటట్టు కూర్చోబెట్టండి. మొదట్లో కళ్లు తిరగవచ్చు కనుక కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. వెనుక ఆనిక లేకుండా తనంతట తాను కూర్చోగలిగిన రోజున, ఉపాధ్యాయుడు గారు చెప్పిన రంధ్రం కుర్చీని గదిలోనే వేసి, నీళ్లు బయటికి పోయే ఏర్పాటు చూసుకుని, కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. ఆ దశకు వచ్చారో లేదో నేరుగా చూసి చెప్పడానికి మీకు దగ్గరలోని ఫిజియోథెరపిస్టును ఒకసారి ఇంటికి పిలవండి.